దారం తెంపని అంగీ

తార్నాక, ధోబీ గల్లీ
1969 జూలై, ఆదివారం

మరదలు సాలమ్మకు నీ అక్క పెనిమిటి భీమయ్య రాసేది.

ఉత్తరం మొదట్లో అందరం క్షేమమని రాయాలట. కమలాదేవి టీచరమ్మ చెప్పింది. నేను రాయను. నీ అక్క రాములమ్మ పోయి నాలుగు నెలలు. క్షేమం ఎక్కడిది? ఒళ్ళు మాత్రం గట్టిగానే ఉన్నది.

ఇది నా చేతిరాత. నవ్వకు. యూనివర్సిటీలో రాసిపెట్టేవాళ్ళు నాకు వేయి మంది ఉన్నారు. కాని కొన్ని మాటలు ఇంకొకరి చెవిన పడకూడదు. అందుకే టీచరమ్మ తన వరండాలో సాయంత్రం నడిపే బడికి పోయినాను. నా పక్కన కూర్చునేది ఆరేళ్ళ పిల్ల. నాకంటే ముందు ఆమెకే గుణింతం వచ్చింది. రానీ.

అసలు సంగతి. నీ అక్క పోయే ముందే తెలంగాణ కొట్లాటలో కాలేజీలు మూసేసినారు. హాస్టల్ పిల్లలు ఒక్క పూటలో పెట్టెలు సర్దుకొని ఊళ్ళకు పోయినారు. వాళ్ళ బట్టలు నా దగ్గరే ఉండిపోయినాయి. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి నూట పద్దెనిమిది మూటలు కట్టినాను. గదిలో గోడ పొడుగునా అవే. మధ్యలో చాప పరుచుకొని పడుకుంటున్నాను.

నీ అక్క బట్టలకు జీడిమరక పెట్టేది కాదు. నల్లటి చాకలి గుర్తు కనబడితే కాలేజీ పిల్లలకు నామోషీ అని, బట్టలు తీసుకున్న రోజు లోపలి అంచున ఎర్రదారంతో గుర్తు కుట్టేది. తిరిగి ఇచ్చేనాడు నడుముకు కట్టుకున్న చిన్న కత్తెరతో దారం తెంపేది. ఇప్పుడు మూటమూటకూ ఒక గుర్తు ఉన్నది. ఏ గుర్తు ఏ పిల్లవాడిదో నాకు తెలియదని కాదు. ముప్పై ఏళ్ళు ఉతికినవాడిని. ఒకటి రెండు అనుమానాలు ఉన్నాయి, అంతే. ఈ గుర్తులు మీ అమ్మ మీ ఇద్దరికీ నేర్పినవే కదా. ఆ కాస్త అనుమానం తీర్చి రాయి.

భీమయ్య


జనగామ, మిషన్ బడి వెనుక
ఆగస్టు

బావా,

నీ ఉత్తరం చదవడానికి నాకు పొద్దు గుంకింది. సగం అక్షరాలు నిలబడ్డాయి, సగం పడుకున్నాయి. నేను మిషన్ బడిలో మూడో తరగతి దాకా చదివినదాన్ని కాబట్టి సరిపోయింది.

ఒకటి రెండు అనుమానాల కోసం అరవై రెండేళ్ళ మనిషి పలక పట్టడు. నీకు ఒక్క గుర్తు కూడా తెలియదు. బట్టలు తేవడం, గుర్తు కుట్టడం, తిరిగి ఇవ్వడం, అన్నీ అక్కే. నువ్వు రేవులో బండ ముందు నిలబడి మీసం దువ్వుకున్నావు. "మా హాస్టల్‌ల ఒక్క రుమాల్ గూడ తారుమారు కాలే" అని పెళ్ళిళ్ళలో గొప్పలు కొట్టినావు. అక్క పక్కనే కూర్చొని నవ్వేది. నేను చూసినాను.

రెండేళ్ళ కింద మా పోచయ్య కాలం చేసిననాడు నువ్వు రాలేదు. నీ తోడల్లుడు బావా. అక్క ఒక్కతే వచ్చింది. "శనివారం కదా, బట్టలిచ్చే దినం" అన్నది. ముందు ఆ శనివారం సంగతి రాయి. గుర్తులు తరువాత.

నేను బాగానే ఉన్నాను. రోజూ రేవుకు పోతున్నాను.

సాలమ్మ


తార్నాక
ఆగస్టు, రాఖీ పున్నమి మరునాడు

సాలమ్మకు,

నీ నోరు మీ అమ్మ నోరే. సరే. ఒక్క గుర్తు కూడా తెలియదు. రాసినాను కదా, ఇక చించి పొయ్యిలో వేయి.

జూన్‌లో ఎనిమిది మంది పిల్లలు సర్టిఫికెట్ల కోసమని వచ్చినారు. బట్టలు అడిగినారు. తెలియదని చెప్పడానికి నోరు రాలేదు. మూడు కుట్లు ఉంటే మూడో అంతస్తు, గీత ఉంటే వరస అని నాకు నేనే లెక్క కట్టుకొని, తడుముకోకుండా ఎనిమిది మూటలు తీసి ఇచ్చినాను. దారాలు కూడా తెంపినాను. వాళ్ళు రైలు తొందరలో విప్పకుండానే తీసుకపోయినారు. నాలుగు రోజులకు వార్డెన్ సాబుకు ఉత్తరాలు వచ్చినాయి. ఒకడికి మోకాళ్ళు దాటని ప్యాంటు వచ్చిందట. ఇంకొకడు కొత్త టెర్లిన్ అంగీ ఇచ్చి చిరుగుల బనియన్ తెచ్చుకున్నాడట.

వార్డెన్ సాబు పిలిచినాడు. "భీమయ్యా, ముసలితనం వచ్చింది. హాస్టల్ తెరిచిననాడు ఎవరివి వాళ్ళకు ముట్టితే సరే. లేకుంటే అంబర్‌పేట మిషిన్ లాండ్రీకి ఇచ్చేస్త" అన్నాడు. ఎవరివి వాళ్ళనే ఏరుకోమంటే ముందు వచ్చినవాడు మంచివి పట్టుకపోతాడు. అన్నీ తెల్ల బట్టలే. ఆ పని పోతే నాకు అన్నం దొరకదని కాదు. ఎవరి రేవులోనైనా రెండు బట్టలు ఉతికి బతుకుతాను. కాని రాములమ్మ చేతిలో ముప్పై ఏళ్ళు నిలిచిన పని నా చేతిలో ఆరు నెలలు నిలవలేదంటే, నేను ఎందుకు?

ఇక శనివారం. బట్టలిచ్చే దినమన్నది అబద్ధం. బట్టలు ఆదివారం కూడా ఇవ్వచ్చు. నన్ను మొదటిసారి బండ ముందు నిలబెట్టింది పోచయ్య. వాణ్ణి కట్టె మీద చూస్తే నేను ఏడుస్తాను. నలుగురిలో ఏడవడం నాకు చేతకాదు. అందుకని ఆ పొద్దంతా రేవులో ఒకే దుప్పటి ఉతికినాను. అది చినిగేదాకా ఉతికినాను. ముప్పై ఏళ్ళలో నేను చింపిన దుప్పటి అదొక్కటే. నీ అక్క వచ్చి, ఏమీ అడగకుండా అతుకు వేసింది.

తప్పయింది.

భీమయ్య


జనగామ
సెప్టెంబరు

బావా,

ఆ దుప్పటి సంగతి నాలుగుసార్లు చదివినాను. అక్క కూడా నాతో చెప్పలేదు. సరే. ఇక ఆ మాట వద్దు.

గుర్తుల సంగతి విను. నువ్వు అంతస్తులు లెక్కపెట్టినావా? మా అమ్మకు అంకెలే రావు. ఎనభై ఇళ్ళ బట్టలు తెచ్చేది. ఆమె గుర్తు పేరుకు కాదు, ఇంటికి కాదు. బట్టలు మన చేతికి ఇచ్చేటప్పుడు ఆ మనిషి ఎట్లా ఇస్తాడో, గుర్తు దానికి. దూరం నుంచి విసిరితే తోక ఉన్న గీత. మడతపెట్టి ఇస్తే పక్కపక్కన రెండు గీతలు. ఒకసారి ఇచ్చి, వెనక్కి పిలిచి మళ్ళీ లెక్కపెడితే రెండు చుక్కలు. సిగ్గుపడి లోపలి బట్టలను అంగీలో చుట్టి ఇస్తే సున్నాలో సున్నా. ఎడమచేతివాడైతే గుర్తు ఎడమకు ఒరుగుతుంది. ఇట్లా ఒకదాని మీద ఒకటి చేర్చుకుంటూ పోవాలి.

నేను ఒకసారి అడిగినాను, గది నంబరు కుట్టవచ్చు కదా అక్కా అని. "పోరలు గదులు మారుస్తరు సాలూ, ఇచ్చే తీరు మార్చరు" అన్నది.

కాబట్టి నువ్వు ముప్పై ఏళ్ళు చూసింది అంగీలను. అక్క చూసింది చేతులను. ఇప్పుడు మూటలన్నీ విప్పి చూడు. తెలియనివి కాగితం మీద గీసి పంపు. పడుకున్న గీతలు కాకుండా, నిలబడే గీతలు గీయి.

సాలమ్మ


తార్నాక
సెప్టెంబరు ఆఖరు, బతుకమ్మ ముందు

సాలమ్మకు,

పది రోజుల నుంచి ఇదే పని. మూట విప్పడం, గుర్తు చూడడం, కళ్ళు మూసుకోవడం. మొదట ఎవరూ కనబడలేదు. ముప్పై ఏళ్ళుగా ఆ మెట్ల ముందే బండి ఆపినాను, ఒక్క ముఖం గుర్తు రాలేదు. ఏ అంగీకి కాలర్ మురికో, ఏ పైజామాకు ఇంకు మరకో తెలుసు. ఆ ఇంకు ఏ చేతిదో తెలియదు. నాకు నా మీదే కోపం వచ్చింది. పక్క గది ఈరమ్మ "ఏంది బావా, మూటలతోని మాట్లాడుతున్నవా?" అన్నది. తలుపు వేసుకున్నాను.

ఐదో నాడు ఒకడు కనబడ్డాడు. సున్నాలో సున్నా. సన్నటి పొడుగు పిల్లవాడు, నన్ను చూస్తే మూట వెనుక దాచుకొని రాములమ్మకే ఇచ్చేవాడు. నాకు గుర్తు ఉన్నది సాలమ్మా! చూసినానని నాకే తెలియదు. ఆ తరువాత ఒక్కొక్కరు వస్తున్నారు. ఇప్పటికి నలభై మంది వచ్చినారు. పేర్లు లేవు. చేతులు మాత్రం ఉన్నాయి.

గదిలో నాకు ఇప్పుడు ఒంటరిగా లేదు. ఈ మాట ఎవరితోనూ అనకు.

తెలియనివి ఇరవై రెండు, కింద గీసినాను. ఆఖరుది చూడు. గిన్నె లాగా ఒక వంపు, దాని మీద చుక్క. అది చేయి తీరు లాగా లేదు. నా తల పగిలిపోతున్నది.

భీమయ్య


జనగామ
అక్టోబరు, దీపావళికి ముందు

బావా,

నువ్వు నిజం రాసినావు కాబట్టి నేనూ రాస్తాను. రోజూ రేవుకు పోతున్నానని రాసింది అబద్ధం. పోచయ్య పోయిన నాటి నుంచి నేను రేవు ముఖం చూడలేదు. గోడకు ఆనుకొని కూర్చుంటే పొద్దు పోయేది. కోడలు గిన్నె ముందు పెడితే తినేదాన్ని, లేకుంటే లేదు. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు చదవాలని కూడా అనిపించలేదు. నీ రాత చూసి నవ్వు వచ్చింది, అందుకని చదివినాను. రెండేళ్ళ తరువాత నవ్వినాను బావా.

నీ ఇరవై రెండు గీతలు ముందు పెట్టుకుంటే ఒక్కటీ తట్టలేదు. మా అమ్మ ఎట్లా కుట్టేదో తలచుకుంటే రావడం లేదు. చేతిలో బట్ట ఉంటే వస్తుందేమోనని ఇంటి బట్టలు మూట కట్టుకొని రేవుకు పోయినాను. అక్కడ అందరూ నోరు తెరిచి చూసినారు. లచ్చమ్మ "గీమె ఇంక బతికే ఉన్నదా!" అన్నది. "నిన్ను పంపినంకనే పోత" అన్నాను. నాలుగు బట్టలు ఉతికేసరికి చేతులు మండినాయి. ఐదో బట్ట దగ్గర మా అమ్మ కుట్లు ఒకటొకటిగా వేళ్ళకు వచ్చినాయి. ఇప్పుడు నిజంగానే రోజూ పోతున్నాను. పదిహేడింటికి అర్థాలు వెనుక పేజీలో రాసినాను. నాలుగు నాకూ తెలియవు.

గిన్నె గుర్తు మా అమ్మది కాదు, అక్క సొంతంగా పెట్టుకున్నది. పోయిన ఏడాది వచ్చినప్పుడు చెప్పింది. "హాస్టల్‌ల ఒక పిలగాడున్నడు సాలూ. బట్టలిచ్చుకుంట 'అవ్వా, తిన్నవా' అంటడు. గంత మంది పోరలల్ల గదొక్కడే అడుగుతడు" అన్నది. పేరు చెప్పలేదు. ఆమెకూ తెలియదేమో.

హాస్టల్ తెరిచిననాడు తొందరపడి మూటలు పంచకు. ముందు వాళ్ళ చేతులు చూడు.

సాలమ్మ


తార్నాక
నవంబరు

సాలమ్మకు,

తెరిచినారు. నిన్ననే. పొద్దుటి నుంచి రిక్షాలు, పెట్టెలు, పరుపుచుట్టలు. వార్డెన్ సాబు కుర్చీ వేయించుకొని వరండాలో కూర్చున్నాడు. పక్కన అంబర్‌పేట లాండ్రీవాడు కాగితాలు పట్టుకొని నిలబడ్డాడు. నేను మూటలు వరసగా పేర్చి మెట్ల మీద కూర్చున్నాను. ఒక్కడు వచ్చి "తాతా, నా బట్టలు" అన్నాడు.

"ముందుగాల మాసినయి ఇయ్యి" అన్నాను.

"ఇంక గది తాళమే తియ్యలే తాతా!"

"రైల్ల మాసిన అంగీ లేదా? ఇయ్యి. మాసినయి ఇస్తెనే ఉతికినయి ఇస్త. కొత్త కానూన్."

అందరూ నవ్వినారు. వాడు పెట్టె తెరిచి, ఒక అంగీ తీసి, మూడు మెట్ల పైనుంచి విసిరినాడు. ఎడమచేత్తో! తోక గీత, ఎడమకు ఒరిగినది. వరసలో నాలుగోది తీసి ఇచ్చినాను. వాడు విప్పి చూసి, "నాయే! గీ గుండీ నేనే కుట్టుకున్న!" అని అరిచినాడు. అప్పుడు రాములమ్మ కత్తెర తీసి దారం తెంపినాను.

ఇక ఒకరి వెనుక ఒకరు. విసిరేవాళ్ళు, మడతపెట్టేవాళ్ళు, వెనక్కి పిలిచి లెక్కపెట్టేవాళ్ళు. సున్నాలో సున్నా పిల్లవాడు రాములమ్మ కోసం చుట్టూ చూసినాడు. లేదని తెలిసి, నాకే ఇచ్చినాడు, తల వంచుకొని. ఐదుగురి దగ్గర తప్పు పోయినాను. "ఆగు, నీది గది కాదు" అని మార్చి ఇచ్చినాను. జూన్‌లో తారుమారు చేసిన ఎనిమిది మందీ తెచ్చినారు. దారం తెంపినా అంచున కుట్టు జాడ ఉన్నది, దాన్నీ వాళ్ళ చేతులనూ చూసి ఎవరివి వాళ్ళకు పంచినాను. నువ్వు తెలియదన్న నాలుగు కూడా చేతిని చూడగానే తెలిసిపోయినాయి. ఒకడైతే ఇచ్చేముందు ప్రతి జేబులో చేయి పెట్టి వెతుక్కుంటాడు. గుర్తు సంచీలా ఉన్నది ఎందుకో అప్పుడు తెలిసింది.

పొద్దుగూకే వేళకు లాండ్రీవాడు ఎప్పుడు పోయినాడో నేను చూడలేదు. వార్డెన్ సాబు లేచి వచ్చి "ఎట్ల గుర్తుపట్టినవ్ భీమయ్యా?" అన్నాడు. పాత భీమయ్య అయితే మీసం మీద చేయి వేసేవాడు. చేయి పైకి లేచింది కూడా. మళ్ళీ దించినాను. "నేను గాదు సాబ్. మా రాములమ్మ పెట్టిన గుర్తులు. నాకు ఒక్కటి గూడ రాకపోతుండె. మా మరదలు జనగామ నుంచి చెప్పింది" అన్నాను. పిల్లలందరూ విన్నారు. ఆకాశం విరిగి మీద పడుతుందనుకున్నాను. ఏమీ పడలేదు. ఒకడు "అవ్వ ఏది తాతా?" అన్నాడు. చెప్పినాను. నేను అక్కడే, నలుగురిలో ఏడ్చినాను. అంత కష్టమేమీ కాదు సాలమ్మా. పోచయ్య నాడే తెలిసి ఉంటే బాగుండేది.

ఏడు మూటలు మిగిలినాయి, ఇంకా రానివాళ్ళవి. అందులో గిన్నె గుర్తుది ఒకటి. ఆ పిల్లవాడు కొట్లాటలో జైలుకు పోయినాడని అంటున్నారు.

ఇంకో సంగతి. దీనికి మాత్రం నాకు మండుతున్నది. నా అంగీ లోపలి అంచు చూసుకుంటే దానికీ ఎర్రదారం ఉన్నది. అన్ని అంగీలకూ ఉన్నది. ధోతులకూ. అడ్డంగా ఒక గీత, దాని కింద చుక్క. రంగు వెలిసిపోయింది, ఎన్ని ఏళ్ళదో. ఇన్నేళ్ళు కాపురం చేసి నన్ను కూడా బట్టలిచ్చే గిరాకీల్లో కలిపిందా? నేను ఎట్లా ఇచ్చేవాడిని? విసిరేవాడినా? ఏమని కుట్టింది? ఉన్నది ఉన్నట్టు రాయి. నాకు బాధ అవుతుందని దాచకు.

భీమయ్య


జనగామ
నవంబరు

బావా,

పిచ్చి బావా.

పైన గీత, కింద చుక్క అంటే ఇంటి కప్పు కింద మనిషి. అది గిరాకీ గుర్తు కాదు. మా అమ్మ ఇంటివాళ్ళ బట్టలకు పెట్టేది. ఊరి బట్టలన్నీ ఒక్క బానలోనే ఉడుకుతాయి కదా, మనవి వాటిలో కలిసి ఎవరింటికో పోకుండా. దీన్ని ఎవరికీ తిరిగి ఇవ్వనక్కరలేదు, ఇది మనదే అని. అందుకే ఆ దారం తెంపరు. బట్ట చినిగేదాకా ఉంటుంది.

నా పెళ్ళినాడు మా అమ్మ పోచయ్య అంగీకి అదే కుట్టి నా చేతికి ఇచ్చింది. ఆ అంగీ నా దగ్గర ఉన్నది. ఇవాళ తీసి చూసుకున్నాను.

సాలమ్మ


తార్నాక
1969 డిసెంబరు

సాలమ్మకు,

నీ ఉత్తరం వచ్చి పదిహేను రోజులు. జవాబు రాయడానికి కూర్చుంటే అక్షరాలు మళ్ళీ పడుకుంటున్నాయి. ఇవాళ నిలబడ్డాయి, రాస్తున్నాను.

గిన్నె పిల్లవాడు వచ్చినాడు. పేరు వెంకటనర్సయ్య. జైలు నుంచి ఇంటికి పోయి, తల్లికి కనబడి వచ్చినాడట. చిక్కి సగమైనాడు. చేతిలో సంచీ కూడా లేదు. ఇవ్వడానికి మాసిన బట్ట ఒక్కటి లేదు, ఎట్లా గుర్తుపట్టాలని చూస్తున్నాను. వాడు రేవు గట్టు మీద నుంచే కేక వేసినాడు. "తాతా, అవ్వ ఏది? తిన్నదా?"

గదిలోకి పోయి మూట తెచ్చి వాడి చేతిలో పెట్టినాను. దారం తెంపబోతే కత్తెర ఆడలేదు. "అవ్వ లేదు బిడ్డా. నేను గూడ ఇంక తినలే. రా, తిందాం" అన్నాను. జొన్నరొట్టె, పచ్చిమిరప తొక్కు. ఇద్దరం గట్టు మీదే కూర్చొని తిన్నాం. ఏడాది చదువు పోయింది కదా అన్నాను. "పోయింది తాతా. మళ్ళ మొదటి నుంచి చదువుత. నువ్వు గీ వయసుల పలక పట్టంగ లేంది నాకేంది?" అన్నాడు. టీచరమ్మ చెప్పినట్టున్నది. ఆమె నోరు ఆగదు. నాకు కోపం రాలేదు.

పని మనకే ఉండిపోయింది. ఇక మీద ప్రతి మూటకూ పేరు ఉండాలని వార్డెన్ సాబు అన్నాడు. సరే అన్నాను, పేర్లు రాయడం నాకు వచ్చు. తోలు ముక్క మీద పేరు రాసి మూటకు కడుతున్నాను. లోపలి అంచున గుర్తు మాత్రం మానలేదు. పేరు వాళ్ళ నాయన పెట్టినది, అందులో మనిషి కనబడడు. కొత్త పిల్లలు ముప్పై మంది వచ్చినారు. వాళ్ళ చేతులు చూసి నేనే కుడుతున్నాను. నా వేళ్ళు లావు, కుట్లు వంకర. రాములమ్మ చూస్తే నవ్వేది. ముగ్గురి తీరు నాకు అంతు పట్టడం లేదు. ఒక పిల్లవాడు బట్టలు ఇచ్చి, ఏమీ అనకుండా నిలబడతాడు, నేను పోయేదాకా. దానికి ఏ గుర్తు పెట్టాలి? నువ్వు వచ్చి చూడాలి.

నిజంగానే అంటున్నాను. ఇంత మంది బట్టలు ఒక్కడి వల్ల కావు. అక్కడ రేవులో లచ్చమ్మతో కొట్లాడే బదులు ఇక్కడికి వచ్చి నాతో కొట్లాడు. ఈరమ్మ తన గదిలో నీకు చోటు ఇస్తానన్నది. అన్నం అందరం కలిసే తింటాం. ప్యాసింజరు బండిలో వస్తే మౌలాలీలో దిగు, నేను వచ్చి నిలబడతాను. పోచయ్య అంగీ కూడా తెచ్చుకో. గూటిలో నా బట్టల పక్కన పెడదాం.

నీ చీరలకు గుర్తు నేను కుడతాను. ఎర్రదారం ఇక్కడ ఉన్నది, వంకరగా వస్తే తిట్టు. కత్తెర మాత్రం తేకు.

నీ బావ
భీమయ్య